గుంతకల్లు నుంచి ఎర్రగుంట్ల దాకా: మోడల్ కోసం గూడ్స్ వ్యాగన్లు చూడబోయేవాళ్లకు

గుంతకల్లు స్టేషన్ దగ్గర ఎవరైనా "పట్టాలు కనిపించే గది" ఇస్తామంటే, డబ్బులు చేతిలో పెట్టకముందే మెట్లెక్కి ఆ గది కిటికీ తెరిచి చూడండి. మేం దిగిన లాడ్జిలో రోజుకు 1,500 అన్నారు, అందులో 400 ఆ కిటికీ కోసమేనట. తెరిస్తే ఎదురుగా పక్క మేడ మీది సింటెక్స్ ట్యాంకు. ట్యాంకుకీ గోడకీ మధ్య సందులోంచి, మెడ పూర్తిగా తిప్పితే, ఒక సిగ్నల్ స్తంభం తల కనిపిస్తుంది. కౌంటర్‌లో అడిగితే "బండి సప్పుడు ఇనపడ్తాది గదన్నా" అన్నాడు. సప్పుడుకు మాత్రం లోటు లేదు. దోమతెర అడిగితే 50, వేడినీళ్ల బకెట్‌కు 30. అడ్వాన్సు వెనక్కి రాదు. మా బావమరిది ఆ రాత్రి మాతో మాట్లాడలేదు. తర్వాత బస్టాండు వైపు వెళ్తే 900కే శుభ్రమైన గది దొరికింది. అక్కడ కిటికీ వీధి వైపే, కానీ ఆ సంగతి ముందే చెప్పారు.

అసలు గది నుంచి చూడాల్సిన పనే లేదు. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్‌కు రెండు గంటలు దొరుకుతాయి. స్టీలు ప్లాంటుకు ముడిసరుకు మోసే రైళ్ల మోడల్, అంటే కొలతలకు సరిపోయే చిన్న నమూనా, చేసేవాడికి రాయలసీమలో ఇంతకంటే మంచి చోటు లేదు. బళ్లారి వైపు నుంచి ఇనుప ఖనిజం, తోరణగల్లు వైపు నుంచి స్టీలు కాయిల్స్, ఇటు గుత్తి మీదుగా బొగ్గు, సిమెంటు, అన్నీ ఈ జంక్షన్‌లోనే ఎదురెదురవుతాయి. లైన్ దొరక్క ఆగిన గూడ్స్ ఒక్కోసారి అరగంటైనా కదలదు. కొలతల ఫోటోకు కావలసింది అదే.

ఫోటో ఎదుటి ప్లాట్‌ఫాం మీద నుంచి, వ్యాగన్ నడిమధ్యకు సూటిగా నిలబడి, జూమ్ చేసి తీయండి. దగ్గరగా వెళ్లి వైడ్‌లో తీస్తే చివర్లు వంగిపోతాయి, ఆ ఫోటోతో గీసిన డ్రాయింగ్ పనికిరాదు. పట్టాల మీదికి మాత్రం దిగొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. దారిలో ఒక చిన్న స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉన్నా ఒక ఉద్యోగి కెమెరా లాక్కోబోయాడు, టికెట్ చూపించినా గొంతు తగ్గించలేదు. ఫోన్‌తో తీసేవాళ్లను మాత్రం కన్నెత్తి చూడలేదు. కాబట్టి పెద్ద లెన్సు సంచిలోనే ఉంచడం మేలు.

వ్యాగన్ పక్కన తెల్లరంగుతో రాసిన పదకొండు అంకెల నంబరు ముందు చూడండి. మొదటి రెండు రకానికి, తర్వాతి రెండు ఏ రైల్వేదో చెప్పడానికి, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరానికి. 10 నుంచి 29 లోపు మొదలైతే పైకప్పులేని వ్యాగన్, 30లలో ఉంటే మూత ఉన్నది, 55 నుంచి 69 దాకా గోడల్లేని ఫ్లాట్, 70లలో ఉంటే అడుగు తలుపుల్లోంచి సరుకు వదిలే హాపర్. మోడల్ మీద అంటించడానికి అమ్మే డెకాల్ షీట్లలో ఈ అంకెలను ఇష్టమొచ్చినట్టు పెట్టేస్తారు, పైకప్పులేని బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ మీద హాపర్ నంబరు కూడా కనిపిస్తుంది.

గుంతకల్లులో కళ్లతో చూసి నేర్చుకోవాల్సిన పెద్ద విషయం లోడు. ఖనిజం వ్యాగన్ పైకి దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి చూస్తే అడుగున ఎర్రటి కుప్పలు రెండో మూడో ఉంటాయి, అంతే. బాక్స్‌ఎన్ లోపలి చోటు 56 ఘనపు మీటర్లు. ఖనిజం ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల దాకా తూగుతుంది. అంటే 60 టన్నులకు సగం కూడా నిండదు. బొగ్గయితే అదే పెట్టె అంచు దాకా వస్తుంది. మన మోడలర్లలో చాలామంది ఖనిజాన్ని బోనాల కుండలా పైకి పోసి అంటించేస్తారు. అది చూడగానే తెలిసిపోతుంది.

బాక్స్‌ఎన్ పొడవు కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) నుంచి కప్లర్‌కు 10,713 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలులో, అంటే 87వ వంతున, 123 మి.మీ. వెడల్పు, ఎత్తు రెండూ 37కు అటూఇటూ. చక్రం 11.5, బోగీలో, అంటే కింది చక్రాల చట్రంలో, ఇరుసుల మధ్య 23. బరువు 97 గ్రాములు ఉండాలి: అమెరికా మోడలర్ల సంఘం సిఫారసు ప్రకారం ఒక ఔన్సు, దానిపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. 58 వ్యాగన్ల పూర్తి రేక్ పెడితే ఏడు మీటర్లు దాటుతుంది, ఏ ఇంటి హాల్లోనూ పట్టదు. పన్నెండు, పదిహేను చాలు.

అసలు తలనొప్పి గేజి (రెండు పట్టాల మధ్య దూరం) దగ్గర, కప్లర్ దగ్గర. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ., హెచ్‌ఓలో అది 19.3 కావాలి. కొనే పట్టాలు 16.5. అందుకే దుకాణం పట్టాల మీద మన వ్యాగన్ ఇరుకు చెప్పులేసుకున్నట్టు ఉంటుంది. కప్లర్ ఇంకా మొండిది. మన వ్యాగన్ల కప్లర్, సీబీసీ, ఖాళీ వ్యాగన్‌కు పట్టా నుంచి 1,105 మి.మీ. దాకా ఉంటుంది, స్కేలులో 12.7. మోడళ్లకు దొరికే కేడీ కంపెనీ కప్లర్ మాత్రం అమెరికా లెక్కకు 10 మి.మీ. దగ్గర. స్కేలు లెక్కనే పట్టుకుని కప్లర్ పెట్టె బిగిస్తే విదేశీ ఇంజను దేనికీ తగలదు. మన బండ్లన్నీ 12.7 మీద చేసుకుని ఒక్క ఇంజనుకు మాత్రం మార్చుకోవడం నయం. మాతో వచ్చిన స్నేహితుడు దీనికి ఒప్పుకోడు. గుత్తి దాకా ఈ వాదనే నడిచింది, బావమరిది ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

గుంతకల్లులో తిండికి ఉగ్గాణి బజ్జీ తినండి, స్టేషన్ బయటి బండి దగ్గర ప్లేటు 40. బజ్జీ కారం ఘాటు, పెరుగు అడగండి. బావమరిది ముఖం విప్పింది అక్కడే.

గుత్తి, తాడిపత్రి మామూలే, ఆగినా ఆగకపోయినా ఒకటే. తాడిపత్రి స్టీలు ప్లాంటు గేటు దగ్గరికి ఆటో పెట్టుకుని పోయేవాళ్లున్నారు. పోవద్దు. కరిగిన ఇనుము మోసే లాడిల్ బండ్లు, కొలిమి చిట్టెం మోసే స్లాగ్ కుండలు, పక్కకు ఒరిగే డంప్ కార్లు ఏ ప్లాంటులోనైనా గోడ లోపలే తిరుగుతాయి. తోరణగల్లు దాకా వెళ్లినా గేటు బయట కనిపించేది లారీలే. టార్పెడో ఆకారపు లాడిల్ కావాలంటే మార్క్లిన్, వాల్తర్స్ అనే విదేశీ కంపెనీల మోడళ్లే గతి. కొన్నాక పక్కలకు కొత్త రంగు వేయొద్దు, మూతి చుట్టూ బూడిద, తుప్పు, కారిన లోహపు చారలు వేయండి.

బొగ్గు దించే వ్యాగన్లు చూడాలంటే ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు రండి. రాయలసీమ థర్మల్ ప్లాంటుకు బొగ్గు ఈ దారినే వస్తుంది. ఇక్కడ బాక్స్‌ఎన్‌కూ, హాపర్ రకమైన బీఓబీఆర్‌ఎన్‌కూ తేడా పట్టుకోండి. బాక్స్‌ఎన్‌ను మన దేశంలో కప్లర్ విప్పి, ఒక్కొక్కటిగా టిప్లర్ అనే యంత్రంలో తిరగేస్తారు. అందుకే పై అంచులు నొక్కుకుపోయి, పక్కలు ఉబ్బి ఉంటాయి. మోడల్‌లో అంచు గీతలా తిన్నగా ఉంటే అబద్ధం. బీఓబీఆర్‌ఎన్ పట్టాల కింది గుంట మీద మెల్లగా నడుస్తూ, గాలి ఒత్తిడితో అడుగు తలుపులు తెరిచి వదిలేస్తుంది.

పనిచేసే డంప్ కారు కావాలనుకుంటే ఈ హాపరే సులువు. అమెరికా బొమ్మరైళ్ల కంపెనీ లయనెల్ 1946లో తెచ్చిన 3459 నంబరు డంప్ కారు పక్కకు ఒరిగేది, కానీ అది హెచ్‌ఓ కంటే పెద్దదైన "ఓ" స్కేలు. దాని సొలనాయిడ్‌కు (కరెంటు పెడితే లాగే తీగచుట్టకు) చోటుంది, లోడుకు బరువుంది. హెచ్‌ఓలో ఒరిగించినా బొగ్గు జారదు, గింజ చిన్నదైతే గోడను పట్టుకుంటుంది. హాపర్ వాలు 50 డిగ్రీలకు తగ్గొద్దు. లోపల గ్రాఫైట్ పొడి రుద్దండి. బొగ్గును జల్లించి ఒక మిల్లీమీటరు గింజ మాత్రమే ఉంచండి: పొడి ఉంటే వానాకాలం గడ్డకడుతుంది, పెద్దదైతే తలుపులో ఇరుక్కుంటుంది. తలుపు ఇరుసుకు అర మి.మీ. తీగ, గొళ్లానికి చిన్న ఇనుప ముక్క, పట్టాల కింద అయస్కాంతం. తలుపు తనంతట తాను మూసుకోదు, గుంట దాటాక పట్టాల మధ్య ఒక వాలు రేకు పెట్టి పైకి నెట్టించాలి.

ఎర్రగుంట్లలో రాత్రి ఉండొద్దు, సిమెంటు దుమ్ము కెమెరాలోకీ గొంతులోకీ పోతుంది. బస్సెక్కి ప్రొద్దుటూరు చేరితే 1,000 లోపు మంచి గదులున్నాయి, రాగి సంగటి, నాటుకోడి పులుసు 180కి కడుపునిండా పెట్టారు. నంద్యాల లైను 2016లో తెరిచాక అక్కడికి రైలు కూడా ఉంది, కానీ బండ్లు తక్కువ. టైము చూసుకోకుండా దాన్ని నమ్ముకుంటే ప్లాట్‌ఫాం మీదే పొద్దుపోతుంది.