బి.డి.నా, ఎం.డివ్.నా: సెమినరీకి దరఖాస్తు పెట్టే ముందు

ఒంగోలు, కందుకూరు, కావలి ప్రాంతాల క్రైస్తవ సంఘాల్లో డిగ్రీ ముగించి సంఘ సేవకు వెళ్లదలచిన యువతీయువకులు తరచూ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంటారు: బెంగాల్‌లోని సెరంపూర్ కళాశాల పట్టా ఇచ్చే బి.డి.లో (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చేరాలా, ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే విద్యాలయంలో, ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) చేయాలా? డిగ్రీ అయ్యాక మళ్లీ ‘బ్యాచిలర్’ ఏమిటని ఇంట్లో పెద్దలు పెదవి విరుస్తారు గానీ, పేరులోని ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు. రెండూ డిగ్రీ తరువాత చదివే కాపరి చదువులే.

ముఖ్యమైన తేడా వాటి వెనుక ఉన్న అధికారంలో ఉంది. 1818లో మిషనరీ విలియం కేరీ, ఆయన సహచరులు స్థాపించిన సెరంపూర్ కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన సన్నదు, ఆపై 1918లో వచ్చిన చట్టం పట్టాలిచ్చే హక్కునిచ్చాయి. ఏషియా థియలాజికల్ అసోసియేషన్ 1970లో ఏర్పడిన సంస్థ. అది సెమినరీల ప్రమాణాలను పరిశీలించి గుర్తింపునిస్తుందే తప్ప విశ్వవిద్యాలయం కాదు. కనుక ముందుముందు సెరంపూర్ కింద ఎం.టి.హెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) చేసి సెమినరీలో బోధించాలనుకునేవారికి బి.డి.యే తిన్నని దారి. ఎం.డివ్. తీసుకొని అటు వెళ్లాలనుకునేవారు తమకు ప్రవేశం ఉందో లేదో చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

పట్టభద్రులకు బి.డి. సాధారణంగా నాలుగేళ్లు, ఎం.డివ్. మూడేళ్లు. ఆ ఒక్క ఏడాది ఫీజు, హాస్టలు ఖర్చు కౌలు రైతు ఇంట్లో చిన్న మాట కాదు. అయినా మన ప్రాంతంవారికి బి.డి.లో ఒక ప్రత్యేక లాభం ఉందని నా అభిప్రాయం. 1878 జూలైలో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర నాయకత్వంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన నేల ఇది. ఇక్కడి రామాయపట్నంలో 1870లలోనే బాప్తిస్టు సెమినరీ వెలసింది. అందువల్ల ఇక్కడ పెరిగిన పిల్లవాడికి బాప్తిస్టు పద్ధతి తప్ప మరొకటి తెలియకపోవచ్చు. సెరంపూర్ బి.డి. చెప్పే, 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ వంటి చోట లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) విద్యార్థుల పక్కన కూర్చుని, బాప్తిస్టులు ఒప్పుకోని శిశు బాప్తిస్మం గురించి రాత్రుళ్లు వాదించుకున్నవాడు తన విశ్వాసానికి కారణాలు చెప్పగలిగినవాడై తిరిగి వస్తాడు.

ఎం.డివ్. బలం వేరు. అక్కడి సెమినరీలు ఎక్కువగా ఇవాంజెలికల్ (సువార్త ప్రకటనకు పెద్దపీట వేసే) దృక్పథం కలవి. ప్రసంగం, సువార్త, కొత్త సంఘాల స్థాపన వైపు మొగ్గు చూపుతాయి. స్వతంత్ర సంఘంలో తండ్రికో మామకో తోడుగా ఇప్పటికే సేవ చేస్తున్నవారికి, ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) కోసం ఏ సంఘాల సమాఖ్య షరతులూ అడ్డురానివారికి, నాలుగో ఏడు వెచ్చించడం అనవసరమే కావచ్చు. సంఘాన్ని విడిచి కదలలేనివారి సంగతి మరొకటి: సెరంపూర్ వారి బి.సి.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చు.

రెండింటిలోనూ నాకు బాధ కలిగించేది భాష. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తాయి, ప్రసంగం మాత్రం తెలుగులో చేయాలి. పొగాకు గ్రేడింగు ముగించుకొని సాయంకాల కూటానికి వచ్చిన అక్కలకు పౌలు రోమీయులకు రాసిన మాటను విడమరచి చెప్పలేని గ్రీకు పాండిత్యం వల్ల సంఘానికి ఒరిగేదేమీ లేదు. నెల్లూరువారికి చెన్నై సెమినరీలు దగ్గరని కొందరంటారు, అది నిజమే, ఇంచుమించు 175 కిలోమీటర్లు. కానీ దూరం కంటే ముందు, ఆదివారాల్లో తెలుగు సంఘంలో సేవాభ్యాసం ఇప్పిస్తారా అన్నది విచారించాలి. ఆ అవకాశం ఇవ్వని పేరున్న సెమినరీ కంటే, ఇచ్చే చిన్న సెమినరీనే నేను ఎంచుకుంటాను.

దరఖాస్తుకు సాధారణంగా సంఘం సిఫారసు ఉత్తరం అడుగుతారు. కాబట్టి పాస్టరుగారితో మాట్లాడేటప్పుడే ఆర్డినేషన్‌కు తమ సమాఖ్య ఏ పట్టాను అంగీకరిస్తుందో కూడా అడగాలి. చాలామందికి ఆ జవాబుతోనే సగం నిర్ణయం అయిపోతుంది.