అష్టాచెమ్మాలో చంద్రయాన్: ఇంట్లో చేసిన అంతరిక్ష ఆటలు కొన్నేళ్లు ఆడించాక

మా నెల్లూరులో మబ్బు లేని రోజున డాబా ఎక్కితే శ్రీహరికోటలోని షార్ నుంచి లేచే రాకెట్ కనిపిస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, కిందికి దిగిపోతారు. అది పైకెళ్లాక ఏం చేస్తుందో కూడా వాళ్లకు తెలియాలని ఇంట్లోనే కొన్ని ఆటలు తయారుచేశాను. మా పిల్లలతో, వీధిలో పిల్లలతో కొన్నేళ్లుగా ఆడిస్తున్నాను.

ఎవరికైనా మొదట తట్టేది వైకుంఠపాళి. నిచ్చెనలకు బదులు రాకెట్లు, పాములకు బదులు బ్లాక్ హోళ్లు. పిల్లలు ఎగబడి ఆడతారు, కానీ నేర్చుకునేది దాదాపు ఏమీ లేదు. పైగా బ్లాక్ హోల్ దొరికినదాన్నల్లా మింగేస్తుందన్న భయం ఒకటి మనసులో నాటుకుంటుంది. నిజానికి సూర్యుడి చోట అంతే ద్రవ్యరాశి ఉన్న బ్లాక్ హోల్ పెట్టినా భూమి ఇప్పటి దారిలోనే తిరుగుతుంది. సైన్సు ఆట నియమంలో ఉంటేనే బుర్రకెక్కుతుంది, బొమ్మల్లో పెడితే ఎక్కదని నా అభిప్రాయం.

ఇన్నాళ్లూ నిలిచింది అష్టాచెమ్మా. బయటి వరసలో పదహారు గళ్లు, లోపల ఎనిమిది, నడిమధ్య ఒకటి. ఆ మధ్య గడిని చంద్రుడనుకోండి. చంద్రయాన్-3 కూడా ఇలాగే బయటి నుంచి లోపలికి వచ్చింది. 2023 ఆగస్టు 5న చంద్రుడి కక్ష్యలో చేరినప్పుడు అది ఒక కొసన 164 కిలోమీటర్ల ఎత్తులో, ఇంకో కొసన 18,074 కిలోమీటర్ల ఎత్తులో తిరిగింది. ఇంజిన్ మండించి విడతలవారీగా తగ్గించుకుంటూ 16వ తేదీకి 153, 163 కిలోమీటర్లకు వచ్చింది. 23న విక్రమ్ ల్యాండర్ దిగింది.

మా నియమాలు ఇవి. ఒక్కొక్కరికి ఒక కాయ, అయిదు గింజల ఇంధనం. లోపలి వరసలోకి దిగాలంటే ఒక గింజ, మధ్యలో పండాలంటే రెండు. పడిన పందెం నచ్చక మళ్లీ వేసుకోవాలన్నా ఒక గింజ ఇవ్వాలి. తొందరపడి గింజలన్నీ ఖర్చుపెట్టిన కాయ చావదు, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, దిగడం మాత్రం కుదరదు. తిరగడానికి ఇంధనం అక్కర్లేదని, దారి మార్చడానికే కావాలని పిల్లలు దీంతో తమంతట తామే పట్టుకున్నారు. ఎంత పాఠం చెప్పినా రాని సంగతి ఇది.

పాత ఆటలో లోపలి వరసకు వచ్చాక ఎదురు దిశలో నడుస్తాం. దాన్ని తీసేశాను, కక్ష్యలో వెనక్కి తిరగాలంటే చాలా ఎక్కువ ఇంధనం అవుతుంది. చంపుడు కూడా తీసేశాను. మా అమ్మ మాత్రం చంపుడు లేని అష్టాచెమ్మాను ఇప్పటికీ ఒప్పుకోదు. చెమ్మ (నాలుగు) పడితే ఒక చిట్టీ తీయాలి. 'పారాచూట్' అని వస్తే వృథా, చంద్రుడి మీద గాలి లేదు కదా. పెద్దపిల్లలు ఆ చిట్టీ చూడగానే గోల చేస్తారు, చిన్నవాళ్లకు కారణం కూడా వాళ్లే చెప్తారు.

సామాను సంగతి. చార్టు మీద గీసింది మడతల దగ్గర చిరిగిపోయింది. పాత ఫ్లెక్సీ వెనకవైపు మార్కర్‌తో గీసింది నేటికీ చెక్కుచెదరలేదు. పందేలకు అరగదీసిన చింతపిక్కలు చాలు. ఇంధనానికి పెసలు వద్దు, పురుగు పడుతుంది, చొక్కా గుండీలు మేలు.

ఈ ఆటకు ఒక లోపం ఉంది, దూరాలు తెలియవు. దానికి మైపాడు బీచ్ కావాలి. 20 సెంటీమీటర్ల బంతిని సూర్యుడనుకుంటే భూమి ఆవగింజ, 21 మీటర్లు దాటి పెట్టాలి. చంద్రుడు ఆ ఆవగింజకు అయిదున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటాడు. గురుడు రేగుపండంత, 112 మీటర్ల దగ్గర. నెప్ట్యూన్ దాకా వెళ్లాలంటే 640 మీటర్ల పైన నడవాలి, అంతసేపు ఓపిక పట్టేవాళ్లు తక్కువ. శని దగ్గర ఆపేసినా ఫర్వాలేదు, అప్పటికే 200 మీటర్లు దాటుతుంది.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలైతే ఇంధనం లెక్క పెట్టకండి, ఆవగింజతోనే మొదలుపెట్టండి. గింజలు మాత్రం గుప్పెడు తీసుకెళ్లండి, ఇసుకలో పడ్డది మళ్లీ దొరకదు.