ట్యాంకు విప్పక్కర్లేదంటూ అమ్మే డీజిల్ మందుతో జాగ్రత్త

వేట నిషేధం ముగిసే జూన్ 14 దగ్గరపడేసరికి హార్బర్‌లో ఐసు, డీజిల్, వలల హడావుడితో పాటు ఒక సీసా కూడా తిరుగుతోంది. "ట్యాంకు విప్పక్కర్లేదు, ఇది పోసేసి వేటకెళ్లండి, మడ్డంతా కరిగిపోతుంది" అని జెట్టీ మీదికే తెచ్చి అమ్ముతున్నారు. విశాఖలో మేం కొన్నాం. మీరు కొనేముందు ఇది చదవండి.

వేట నిషేధం 61 రోజులూ బోటు సగం ట్యాంకుతో కట్టేసి ఉంది. పగటి వేడికి, రాత్రి చల్లదనానికి ట్యాంకు గోడలకు లోపల చెమ్మ పడుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది. నీళ్ల మీద డీజిల్ ఆనే చోటే బూజు, బాక్టీరియా పెరుగుతాయి. నీళ్లలో బతుకుతూ డీజిల్ తింటాయి. వాటి జిగురే ఈ మడ్డి.

మందు పోశాక జెట్టీ దగ్గర ఇంజను బాగానే పలికింది. భీమిలి దాటి అలలు తగిలాక, రేస్ పెంచితే చాలు ఆగిపోతోంది. ఫిల్టరు విప్పి చూస్తే నల్లటి జిగురు, వేలితో తీస్తే తీగలా సాగుతోంది, కుళ్లిన గుడ్డు వాసన. కొత్త ఫిల్టరు వేస్తే కాసేపు నడవడం, మళ్లీ అదే కథ. ఉన్న ఫిల్టర్లన్నీ అయిపోయాక వేరే బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఐసు ఖర్చు, కళాసీల కూలి నీళ్లపాలు. అమ్మినవాణ్ణి అడిగితే "మీ డీజిలే మంచిది కాదు" అన్నాడు. బిల్లు లేదు కదా, ధీమా.

డీజిల్‌లో క్రిములను చంపే మందులు నిజంగానే ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ చచ్చిన మడ్డి ఎక్కడికి పోతుంది? బోటు ఊగినప్పుడల్లా గోడల నుంచి ఊడి ఫిల్టరుకే వస్తుంది. కొన్ని సీసాల్లో అసలు క్రిమి మందే ఉండదు, నీటిని డీజిల్‌లో కలిపేసే సరుకు ఉంటుంది. అది ఇంకా ప్రమాదం. నీటిని వేరుచేసే ఫిల్టరుకు చిక్కకుండా నీళ్లు నేరుగా ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు పోతాయి. మా సీసా మీద తయారీదారు పేరు లేదు, ఎన్ని లీటర్లకు ఎంత పోయాలో లేదు, ఉత్త రంగుల స్టిక్కరు.

ఏ మందైనా కొనేముందు ట్యాంకు అడుగునున్న కాక్ (కుళాయి) తిప్పి గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. కింద నీళ్లు, వాటిమీద గోధుమరంగు పొర తేలితే ట్యాంకు మూత విప్పాల్సిందే. డీజిల్ తోడేసి, గోడలు రుద్ది, అడుగు తుడిచి, ఫిల్టర్లు మార్చి, ఆ తర్వాతే మందు, అదీ లేబుల్ మీద రాసిన కొలతకే. చేతులకు గ్లౌజులు మరవొద్దు, ఆ మందు చర్మాన్ని కాలుస్తుంది. మాకు చివరికి ఇదంతా చేయించక తప్పలేదు, సీసా డబ్బులు అదనం.

వచ్చే నిషేధానికి బోటు కట్టేముందు నీళ్లు దింపేసి, ట్యాంకు నిండా పోయించి కట్టండి. ఖాళీ తక్కువైతే చెమ్మ పట్టేదీ తక్కువే. ఇంకో మాట, ఆ సీసా తెల్లది, నీలం మూత. కాకినాడ వైపూ తెస్తున్నారని విన్నాను.