ఆగిపోయిన ట్రస్ట్‌కి దారి చూపిన లాయరమ్మగారు, బ్రాడీపేట, గుంటూరు

పెద్దవాళ్ళు ఎప్పుడో రాసిపెట్టిన ట్రస్ట్, అది చేయాల్సిన పని ఇప్పుడు లేదు, డబ్బు మాత్రం బ్యాంకులో పేరుకుపోతోంది. మన గుంటూరు, విజయవాడల్లో ఈ ఇబ్బంది ఉన్న కుటుంబాలకు పనికొస్తుందని రాస్తున్నాను. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది కాబట్టి ఆవిడ పేరు రాయడం లేదు, కానీ ఆవిడ పని చేసిన తీరు తెలిస్తే మీరు ఏ లాయర్ దగ్గరికి వెళ్ళినా ఏం అడగాలో తెలుస్తుంది.

మా తాతగారు 1950ల్లో రెండెకరాల మాగాణి రాసిచ్చి, దాని మీద వచ్చే కౌలుతో మంగళగిరి శానిటోరియంలో ఉండే పేద క్షయ రోగులకు పాలు, గుడ్లు ఇవ్వాలని దస్తావేజు రిజిస్టర్ చేయించారు. అప్పట్లో టీబీ వస్తే నెలల తరబడి అక్కడే ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ శానిటోరియం లేదు, ఆ ఆవరణలో ఎయిమ్స్ వచ్చింది. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, చాలామంది రోగులు ఇంట్లోనే ఉండి వాడుకుంటున్నారు. రాజధాని ప్రకటన తర్వాత చుట్టుపక్కల పొలాల ధరలు పెరిగేసరికి మా ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. బాబాయి కల్యాణ మండపం కట్టిద్దామంటాడు, అన్నయ్య ఇంజినీరింగ్ పిల్లలకి స్కాలర్‌షిప్ అంటాడు, ఇంకొకరు అమ్మి పంచుకుందామంటారు. అంతకుముందు కలిసిన ఒక లాయర్ అయితే డీడ్ క్యాన్సిల్ చేయించేస్తానన్నాడు, అలా చేయడానికి వీల్లేదని ఈవిడ దగ్గరికి వెళ్ళాకే తెలిసింది.

ఆవిడ ముందు మా మాట వినలేదు, దస్తావేజు అడిగారు. "మీకేం చేయాలనుందో తర్వాత చూద్దామండీ, ముందు ఆయన ఏం చేయాలనుకున్నారో చదువుదాం" అన్నారు. నాకు ఈ ఆఫీసు మీద గురి కుదిరింది అక్కడే.

దశాబ్దాల పాటు నడిచిన పబ్లిక్ ధర్మం (ఇంటివాళ్ళ కోసం కాకుండా ప్రజల కోసం పెట్టిన ట్రస్ట్) ఆగిపోయినంత మాత్రాన ఆస్తి వారసుల చేతికి తిరిగి రాదట. కోర్టు ఆ ఆస్తిని, రాసినాయన మనసుకి వీలైనంత దగ్గరగా ఉన్న ఇంకో పనికి మళ్ళిస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్‌కి 1976లో చేసిన సవరణలో ఇది ఎప్పుడెప్పుడు కుదురుతుందో రాశారు: అసలు ఉద్దేశం నెరవేరిపోయినప్పుడు, దాన్ని అమలు చేయడం కుదరనప్పుడు, ఆ అవసరం వేరే మార్గంలో సరిపడా తీరుతున్నప్పుడు, ఇలా. ఆసక్తి ఉన్నవాళ్ళు కనీసం ఇద్దరు, కోర్టు అనుమతి తీసుకుని దావా వేయాలి, రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వొకేట్ జనరల్ కూడా వేయొచ్చు. అయితే మన రాష్ట్రంలో 1987 నాటి ఎండోమెంట్స్ చట్టం పబ్లిక్ ధర్మ సంస్థలకి రిజిస్టర్ అయినా కాకపోయినా వర్తిస్తుంది కాబట్టి, కోర్టా, ఎండోమెంట్స్ శాఖా అన్నది కాగితాలన్నీ చూశాక తేల్చాలనీ, నేరుగా దావా వేసి తర్వాత వెనక్కి రావడం కంటే అదే నయమనీ చెప్పారు.

అసలు చిక్కు ఎక్కడంటే, తాతగారి మనసు శానిటోరియం మీదా, రోగుల మీదా? ఆ ఒక్క సంస్థకే ఇవ్వాలనుకుంటే ఒక దారి, రోగులే ముఖ్యమైతే ఇంకో దారి. దస్తావేజులో "రోగులు బలము పుంజుకొనుటకు" అని ఉంది, మిగిలితే ఇతర పేద రోగులకి ఖర్చు పెట్టాలనీ ఉంది. ఆవిడ అంతటితో ఆగలేదు, పాత లెక్కల పుస్తకాలు తెప్పించుకుని చూస్తే డిశ్చార్జ్ అయి ఇంటికి వెళ్ళినవాళ్ళకి కూడా తాతగారు పాలు పంపిన పద్దులు దొరికాయి. అవి చదువుతుంటే బాబాయి కళ్ళు చెమర్చాయి, కల్యాణ మండపం మాట మళ్ళీ ఎత్తలేదు.

అన్నయ్య మాత్రం స్కాలర్‌షిప్ వల్ల ఎక్కువ మేలు కదా అని గట్టిగానే వాదించాడు. దానికి ఆవిడ రెండు అమెరికా కేసులు చెప్పారు. బానిసత్వాన్ని రద్దు చేయించే ప్రచారానికని ఒకాయన విల్లు రాస్తే, 1865లో బానిసత్వమే రద్దయింది, 1867లో మసాచుసెట్స్ కోర్టు ఆ డబ్బుని విముక్తి పొందినవాళ్ళ చదువుకి మళ్ళించింది. కాలిఫోర్నియాలో ఒకావిడ మారిన్ కౌంటీ కోసం రాసిన ఆస్తి విలువ విపరీతంగా పెరిగితే, పక్క జిల్లాల్లో ఇంకా పేదలున్నారు, అక్కడా ఖర్చు పెడతామని అడిగారు, 1986లో కోర్టు ఒప్పుకోలేదు. ఇంతకంటే మంచి పని ఉందన్నది సరిపోదు, అసలు పని కుదరకపోవాలి. మన సుప్రీంకోర్టు కూడా 1954లో రతీలాల్ గాంధీ కేసులో, ఉద్దేశం నెరవేర్చే వీలున్నంత కాలం ట్రస్ట్ డబ్బు పక్కకి మళ్ళించకూడదనే చెప్పింది.

చివరికి స్కీమ్ డ్రాఫ్ట్‌లో, అంటే ట్రస్ట్ ఇకమీదట ఎలా నడవాలో రాసిన ముసాయిదాలో, ఇళ్ళ దగ్గర మందులు వాడుతున్న పేద టీబీ రోగులకి పాలు, గుడ్లు, పప్పు అని రాశారు. ప్రభుత్వం టీబీ రోగుల తిండి కోసం పెట్టిన నిక్షయ్ పోషణ్ పథకం కింద 2018 నుంచి నెలకి 500, 2024 నవంబర్ నుంచి 1000 రూపాయలు ఇస్తోంది కదా, అవసరం తీరినట్టే కదా అని నేనే అడిగాను. కూలికి వెళ్ళలేని మనిషికి ఆరు నెలలు ఆ డబ్బుతో సరిపడా తిండి ఎలా వస్తుందో మీరే లెక్కేయండి అన్నారు. పొలం అమ్మకం గురించి కూడా ఖచ్చితంగా చెప్పారు: ట్రస్ట్ ఆస్తిని ప్రైవేటు బేరంతో అమ్మకూడదు, బహిరంగ వేలం వేయాలని 1989లో వేణుగోపాల నాయుడు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట.

ఇబ్బందులూ ఉన్నాయి. కోర్టు టైంలో ఫోన్ ఎత్తరు, సాయంత్రం వెళ్తే గంటల తరబడి కూర్చోవాలి, పెద్దవాళ్ళకి ఆ ఆఫీసు మెట్లు ఎక్కడం చాలా కష్టం. డ్రాఫ్ట్ మొత్తం ఇంగ్లీషులో ఇచ్చారు, ఇంట్లో అందరూ చదవాలి, తెలుగు కాపీ కావాలని అడిగి రాయించుకోవాల్సి వచ్చింది, అది మొదటే ఇచ్చి ఉండాల్సింది. ఫీజు విడతలుగా తీసుకున్నారు, ప్రతిదానికీ రసీదు ఇచ్చారు. వెళ్ళేవాళ్ళు ఒరిజినల్ దస్తావేజు, కౌలు రసీదులు, బ్యాంకు పుస్తకాలతో పాటు ఇంట్లో అటక మీద ఉన్న పాత జమాఖర్చు పుస్తకాలు కూడా తీసుకెళ్ళండి, ఎంత చిరిగిపోయినా సరే.