శంషాబాద్‌లో మా ఇంటికి సౌండ్‌ప్రూఫ్ కిటికీలు: ఎనిమిది నెలల తర్వాత

మాది శంషాబాద్ దగ్గర, హైవేకి పడమటి వైపు కాలనీ. డాబా ఎక్కితే దిగే విమానం చక్రాలు కనిపిస్తాయి. నేను నర్సుని, వారానికి మూడు నైట్ డ్యూటీలు. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే గంటలోపే రెండుసార్లు మెలకువ వచ్చేది. అత్తమ్మకి బీపీ. తెల్లవారుజామున మూడింటికి పెద్ద విమానం లేస్తే ఆమె కూడా లేచి కూర్చునేది, ఇక నిద్ర పట్టేది కాదు. బాబు పదో తరగతి. అందుకే మొన్న ఏప్రిల్‌లో రెండు పడకగదుల కిటికీలు మార్పించాం. ఎలా ఉన్నాయని కాలనీలో చాలామంది అడుగుతున్నారు, అందుకే అంతా ఒకేచోట రాస్తున్నాను.

మూడు కిటికీలు, మొత్తం 60 చదరపు అడుగులు. యూపీవీసీ ఫ్రేము, అంటే గట్టి ప్లాస్టిక్‌ది. గాజు రెండు వరసలు: బయట 6 మిల్లీమీటర్లది, మధ్యలో 12 మిల్లీమీటర్ల ఖాళీ, లోపలి వైపు లామినేటెడ్ గాజు, అంటే రెండు పలుచటి గాజుల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. చదరపు అడుగుకి 1,150 రూపాయలు పడింది, జీఎస్టీతో కలిపి 81,420. చీటీ డబ్బులు దీనికే పెట్టాం.

షాపులో ముందు స్లైడింగ్ చూపించారు. ధర దాదాపు సగమే. మా ఆయన దానికే మొగ్గారు, నేనే వద్దన్నాను. స్లైడింగ్ తలుపు జరగాలంటే ఫ్రేముకి, తలుపుకి మధ్య సందు ఉండాల్సిందే. ఆ సందులో బ్రష్‌లాంటి పట్టీ పెడతారు. దుమ్ము ఆపుతుంది కానీ చప్పుడు ఆపదు. గాలి దూరే చోట చప్పుడూ దూరుతుంది. తలుపులా తెరుచుకునే కిటికీ అయితే హ్యాండిల్ తిప్పగానే చుట్టూ రబ్బరు నొక్కుకుని బిగుసుకుంటుంది. గాజుకి ఎంత పెట్టినా ఈ బిగింపు లేకపోతే ఆ డబ్బు వృథా. ఈ రివ్యూలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే గుర్తుపెట్టుకోండి.

మా పాత గ్రిల్ బయట ఉంది కాబట్టి తలుపులు లోపలికి తెరుచుకునేలా చేయించాం. దాంతో కిటికీ గట్టు మీద ఏమీ పెట్టుకోలేకపోతున్నాం. దోమల జాలికి చోటు లేక గ్రిల్‌కే వెల్క్రో జాలి అంటించాం.

ఫిట్టింగ్ దగ్గర నాకు కోపం వచ్చింది. ఫ్రేముకి, గోడకి మధ్య వేలు దూరేంత ఖాళీ వదిలి, ఫోమ్ కొట్టి, పైన సిలికాన్ గీత గీసి వెళ్లిపోయారు. ఆ రాత్రి విమానం వెళ్తుంటే గోడ దగ్గర చెవి పెట్టి విన్నాను, చప్పుడు అక్కడి నుంచే వస్తోంది. ఫోమ్ తేలిక, చప్పుడుని ఆపేంత బరువు దానికి లేదు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే పది రోజులకి వచ్చి, ఫోమ్ తీసి, సిమెంటుతో నింపి మళ్లీ సీల్ చేశారు. వచ్చిన కుర్రాళ్లు మాత్రం మర్యాదగా, ఓపిగ్గా చేశారు. మీరు చేయించుకుంటే చివరి డబ్బు ఇచ్చేముందు ఈ పని చూసుకోండి.

ఇక ఫలితం. చప్పుడు కొలిచే ఫోన్ యాప్ కచ్చితంగా చూపించదు, కానీ అదే ఫోన్, అదే మంచం మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పాత కిటికీ మూసి ఉన్నప్పుడు టేకాఫ్‌కి 64 డెసిబెల్స్ దాకా వెళ్లేది. కొత్తవి పెట్టాక 52. ఇంకా ఎక్కడినుంచి వస్తోందా అని వెతికితే పైన వెంటిలేటర్! దానికి అట్టముక్క, దుప్పటి కుక్కి చూస్తే 47కి దిగింది. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది, కాబట్టి ఇది చాలా పెద్ద మార్పు. ఇంజిన్ కీచుమనే శబ్దం పూర్తిగా పోయింది. గుండెలో తగిలే ఆ లోతైన గుర్రుమనే శబ్దం మాత్రం కొంచెం మిగిలింది. అలాంటి శబ్దాన్ని ఏ గాజూ పూర్తిగా ఆపలేదు. "అస్సలు వినపడదు మేడమ్" అని అమ్మేవాళ్లు చెప్తే నమ్మకండి.

ఎనిమిది నెలలు ఆగి రాయడానికి కారణం ఉంది. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. వానాకాలం పడమటి గాలి, అందుకే మా మీదుగా టేకాఫ్‌లు. చలికాలం తూర్పు గాలి తిరిగితే మా మీదుగా దిగుతాయి. ల్యాండింగ్ చప్పుడు సన్నగా ఉంటుంది, దాన్ని ఈ కిటికీలు చాలా బాగా ఆపుతున్నాయి. వానాకాలం టేకాఫ్‌లే అసలు పరీక్ష, అందులోనూ పాసయ్యాయి. అత్తమ్మ ఇప్పుడు ఐదింటి దాకా పడుకుంటోంది. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

కష్టం ఎక్కడంటే, అన్నీ మూస్తే గాలి ఆడదు. ఏసీ వేసినా లోపలి గాలే తిరుగుతుంది, పొద్దున్నే తల పట్టేసినట్టు ఉంటుంది. విమానాలు పలచబడ్డప్పుడు కాసేపు తెరిచి పెడుతున్నాం. కరెంటు బిల్లూ పెరిగింది.

ఇంకో మాట. ఈ కిటికీలు రెండు గదుల్ని కాపాడాయి, అంతే. డాబా మీద వడియాలు పెట్టేటప్పుడు, బాబు అరుగు మీద చదువుకునేటప్పుడు చప్పుడు అలాగే ఉంది. నేను చిన్నప్పుడు బేగంపేట విమానాశ్రయం పక్కనే పెరిగాను. విమానం వస్తే టీచర్ పాఠం ఆపి, అది వెళ్లాక మొదలుపెట్టేది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి వచ్చాయి, పెళ్లయ్యాక నేనూ ఇక్కడికే వచ్చాను. 2018లో కేంద్రం రద్దీ విమానాశ్రయాల చుట్టూ పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్ అని పరిమితి పెట్టింది. మామూలు నివాస ప్రాంతానికి ఉన్నవి పగలు 55, రాత్రి 45. పైగా ఇవన్నీ సగటు లెక్కలే. మూడింటికి మమ్మల్ని లేపిన ఒక్క విమానం ఆ సగటులో కలిసిపోతుంది. మా నిద్రకి అయ్యే ఖర్చు మేమే పెట్టుకోవాల్సి రావడం నాకు న్యాయంగా అనిపించదు. అద్దెకి ఉండేవాళ్లు 81 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? మా వెనక వీధిలో పసిబిడ్డతో ఉన్న అమ్మాయి కిటికీకి పాత బొంత కట్టుకుంది.

నా మార్కులు: గాజుకి ఐదుకి ఐదు, ఫిట్టింగ్‌కి రెండు. వెంటిలేటర్‌కి కదలని గాజు ఆర్డర్ ఇచ్చాం, సంక్రాంతిలోపు వేస్తామన్నారు. చూడాలనుకునే కాలనీవాళ్లు ఇంటికి రండి. పగలు పదింటి నుంచి మూడింటి దాకా మాత్రం వద్దు, ఆ టైములో నేను నిద్రపోతున్నాను. రాత్రి ఏడు దాటాక వస్తే విమానాలు వరసగా ఉంటాయి, కిటికీ ఒకసారి తెరిచి, ఒకసారి మూసి మీరే వినండి.