ఇన్‌స్టాలేషన్ గైడ్: వికీలోనా, గిట్‌లోనా?

లినక్స్‌ను కంప్యూటర్‌లో ఎలా ఎక్కించాలో చెప్పే గైడ్‌ను బ్రౌజర్‌లోనే దిద్దగల వికీలో పెట్టొచ్చు, లేదా ఫైళ్లలో ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌లో పెట్టొచ్చు. ఆర్చ్ లినక్స్ గైడ్ వికీలో ఉంటుంది. డెబియన్ గైడ్ గిట్‌లో, డాక్‌బుక్ ఎక్స్ఎంఎల్ అనే ట్యాగుల ఫైళ్ల రూపంలో ఉంటుంది. రెండూ బాగానే నడుస్తున్నాయి.

శ్రమ: వికీలో తప్పు కనబడిన చోటే దిద్దొచ్చు. గిట్‌లో అయితే సొంత నకలు (ఫోర్క్), అందులో విడి శాఖ (బ్రాంచ్), మార్పును కలుపుకోమని అభ్యర్థన (పుల్ రిక్వెస్ట్). ఒక్క అక్షరదోషానికి ఇంత తతంగమా అని చాలామంది వదిలేస్తారు.

ఖర్చు: వికీకి సర్వర్, డేటాబేస్, స్పామ్ మీద కాపలా కావాలి. గిట్‌ నుంచి వచ్చే స్టాటిక్ (ముందే తయారైన, డేటాబేస్ అక్కర్లేని) పేజీలను ఎక్కడైనా పెట్టొచ్చు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. డిస్క్‌ను భాగాలు చేసే పార్టిషన్ కమాండ్‌లో 'ఎస్‌డీబీ' (ఒక డిస్క్ పేరు) బదులు 'ఎస్‌డీఏ' (మరో డిస్క్ పేరు) అని పడితే, కాపీ చేసుకున్నవాళ్ల డిస్క్ తుడిచిపెట్టుకుపోవచ్చు. వికీలో ఆ తప్పు సేవ్ చేయగానే పాఠకుల ముందుకొచ్చేస్తుంది, సమీక్ష ఆ తర్వాతే. గిట్‌లో ముందే మరొకరు చూస్తారు. చూసేవాళ్లు లేకపోతే మాత్రం సరైన దిద్దుబాటు కూడా నెలల తరబడి మూలన పడి ఉంటుంది.

వెర్షన్లు: గిట్‌లో విడుదలకో బ్రాంచ్. వికీలో సాధారణంగా ఒకే పేజీ. పాత విడుదల వాడేవాళ్లు అందులో లేని మెనూ కోసం వెతుక్కుంటారు.

అనువాదం: మూల వాక్యాన్నీ దాని అనువాదాన్నీ జతగా ఉంచే పీవో ఫైళ్లు వాడితే, మూలంలో మారిన వాక్యం 'ఫజీ' (మళ్లీ చూడాలి) అనే గుర్తుతో తేలుతుంది. మామూలు వికీలో పాతబడిన అనువాదం పాతబడినట్టే కనిపించదు.

రోలింగ్ రిలీజ్ (విడివిడి విడుదలలు లేకుండా నిరంతరం మారే పద్ధతి), చురుకైన వాడుకరులు ఉంటే వికీ. స్థిర విడుదలలు, అనేక భాషలు, కనీసం ఇద్దరు సమీక్షకులు ఉంటే గిట్.