కార్డ్‌లెస్ ఫోను: మా చెన్నై ఆఫీసులో మూడు నెలల వాడకం

చెన్నై టి. నగర్‌లో పానగల్ పార్కుకు దగ్గరగా ఉన్న మా ఆడిటరు కార్యాలయంలో, లోపలి గదిలో ఫైళ్లు వెతుకుతున్నవారు ప్రతి కాల్‌కూ రిసెప్షన్ దాకా పరుగెత్తవలసి వస్తున్నందున, మూడు నెలల క్రితం రెండు హ్యాండ్‌సెట్లున్న డెక్ట్ రకం (డిజిటల్ రేడియో సంకేతాలతో పనిచేసే) కార్డ్‌లెస్ ఫోను కొన్నాము.

అమర్చడం కష్టం కాదు. కొత్త బ్యాటరీలను ఒక రాత్రంతా ఛార్జి చేశాము. రెండో హ్యాండ్‌సెట్‌ను జత చేయడానికి, బేస్ (టెలిఫోను లైను తగిలించే పెట్టె) మీది బటన్‌ను లైటు మిణుకుమిణుకుమనే దాకా నొక్కి పట్టుకుని, మెనూలో రిజిస్టర్ ఎంచుకుని, నాలుగు సున్నాల పిన్ ఇస్తే సరిపోయింది.

అసలు తంటా కాల్ బదిలీ దగ్గర వచ్చింది. ఫ్లాష్ బటన్ నొక్కి సారు గదికి కాల్ పంపబోతే లైను ఉలకదు, పలకదు. అవతల క్లయింటు మాత్రం "హలో, హలో" అంటూనే ఉండేవారు. ఫోనులో ఫ్లాష్ సమయం (ఆ బటన్ నొక్కినప్పుడు లైను క్షణకాలం తెగి ఉండే వ్యవధి) 100 మిల్లీసెకండ్లుగా ఉందనీ, మా ఇంటర్‌కమ్ ఎక్స్‌ఛేంజికి 600 కావాలనీ తెలిసి, మెనూలో మార్చగానే సమస్య తీరింది. అమ్మినవారు చెప్పవలసిన ఈ ముక్కను నేను మాన్యువల్ చిన్న అక్షరాల్లో వెతుక్కోవలసి వచ్చింది.

భవనం లోపల 50 మీటర్ల దాకా అందుతుందని పెట్టె మీద ఉన్నా, ఇనుప బీరువాలు నిండిన రికార్డు గదిలో మాట తెగిపోయేది. బేస్‌ను బీరువా పక్కనుంచి తీసి గోడ అలమర మీద పెట్టాక చాలావరకు మెరుగైంది. మాట స్పష్టంగా ఉంటుంది, ధర ఎక్కువనిపించలేదు. కరెంటు పోతే మాత్రం బేస్ మూగబోతుంది కాబట్టి, పాత వైరు ఫోనును ఇంకా తీసివేయలేదు.